కంచుబొమ్మల నకళ్ళు – ఎవరి అభిరుచి? ఎవరి శ్రమ?

అద్దంకి చుట్టుపక్కల ఊళ్ళ బడిపిల్లలు విహారయాత్రకు హైదరాబాదు వెళితే చూసివచ్చే వాటిలో సాలార్‌జంగ్ మ్యూజియం తప్పకుండా ఉంటుంది. గంట కొట్టే గడియారం బొమ్మ కోసం నేలమీద కూర్చుని ఎదురుచూస్తారు. మేలిముసుగు రెబెక్కా ముందు గుంపుగా నిలబడి రాతిలో పల్చని గుడ్డ ఎట్లా చెక్కారని అబ్బురపడతారు. ఒకవైపు మెఫిస్టోఫిలిస్, మరొకవైపు మార్గరెట్టా కనిపించే కొయ్యబొమ్మను అద్దంలో వెతుక్కుంటారు. ఐరోపా కంచుబొమ్మల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగరు. బట్టల్లేని ఆ దేవుళ్ళను, వీరులను చూసి కొందరు నవ్వుకుంటారు, కొందరు సిగ్గుపడతారు. ‘నడవండి, నడవండి’ అని పంతులుగారు తొందరపెడతారు.

ఆ తొందరలో ఒక ముఖ్యమైన ప్రశ్న వెనకబడిపోతున్నది. ఎక్కడి రోము, ఎక్కడి మూసీనది ఒడ్డు? ఈ బొమ్మలు ఇక్కడికెట్లా వచ్చాయి? వాటిలో అసలైనవే కాక ప్రసిద్ధ శిల్పాలకు పోసిన నకళ్ళూ ఉన్నాయి. నకలుకోసం అంత డబ్బు పోసినవారెవరు? ఆ డబ్బు ఎవరిది? ఇవి కళకు సంబంధించని ప్రశ్నలని కొందరు పెద్దలు అనవచ్చు. కళ ఆకాశం నుంచి ఊడిపడదు. దానికి లోహం కావాలి, కొలిమి కావాలి, కూలి కావాలి, కొనేవాడు కావాలి. ఈ నాలుగింటినీ పక్కనపెట్టి మిగిలిన దాన్ని మాత్రమే కళ అనమంటే, అది మాయను పట్టుకుని ఆరాధించమనడమే.

నకలుకు నకలు

మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. పంతొమ్మిదో శతాబ్దిలో పోసిన ‘రోమన్’ కంచుబొమ్మ చాలా సందర్భాల్లో నకలుకు నకలు. రోమన్ ప్రభువులు గ్రీసును జయించి అక్కడి శిల్పాలను ఓడలకెత్తి తెచ్చుకున్నారు. అవి చాలక నకళ్ళు చేయించుకున్నారు. గ్రీకుల కంచు విగ్రహాలు ఎన్నింటినో తర్వాతి కాలాల్లో ఆయుధాలకూ, నాణేలకూ, పాత్రలకూ కరిగించేశారు. కనుక ప్రపంచానికి ఈనాడు తెలిసిన ప్రసిద్ధ గ్రీకు శిల్పాల్లో చాలావాటి రూపం రోమన్ పాలరాతి నకళ్ళ ద్వారానే తెలుసు. గెలిచినవాడు ఓడినవాడి కళను తన గొప్పకు వాడుకోవడం ఇంగ్లీషువాళ్ళతో మొదలైన విద్య కాదు.

ఆ కాలపు కంచుబొమ్మలు కొన్నయినా మనకు మిగలటానికి కారణం ఒక విపత్తు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేయి, హెర్క్యులేనియం పట్టణాలను పూడ్చేసింది. బతికివున్న రోములో కరిగిపోయిన కంచు చచ్చిపోయిన పాంపేయిలో నిలిచింది.

నేపుల్స్ రాజు ఆజ్ఞతో 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేయిలో తవ్వకాలు మొదలయ్యాయి. గట్టిపడిన బూడిదరాతిలో సొరంగాలు తవ్వినవారిలో సంకెళ్ళ ఖైదీలున్నారు. దొరికిన వస్తువులన్నీ రాజుగారి సొత్తు. వాటి బొమ్మ గీసుకోవటానికి కూడా చూడవచ్చినవారికి అనుమతి ఉండేది కాదు. 1757 నుంచి రాజాస్థానం అచ్చువేసిన హెర్క్యులేనియం చిత్రసంపుటాలను మొదట అంగట్లో అమ్మలేదు. రాజుగారు ఇష్టమైనవారికి కానుకగా ఇచ్చేవాడు. కళాఖండం మీద హక్కుతోపాటు దాన్ని చూసే హక్కు, దాని రూపాన్ని తలచుకునే హక్కు కూడా ప్రభువు గుప్పిట్లోనే ఉండాలన్నది భూస్వామ్య న్యాయం.

పెట్టుబడిదారీ విధానం ఈ గుప్పిటను విప్పింది, కాని ప్రజలకోసం కాదు, బజారుకోసం. 1836లో ఆషిల్ కోలాస్ అనే ఫ్రెంచివాడు ఒక యంత్రాన్ని కనిపెట్టాడు. పెద్ద శిల్పం మీద ఒక సూది కదులుతూంటే దానికి జతచేసిన పనిముట్టు అదే రూపాన్ని చిన్న కొలతలో చెక్కుతుంది. 1838లో ఫెర్డినాండ్ బార్బెడియెన్ ఆయనతో కలిసి ప్యారిస్‌లో వ్యాపారం పెట్టాడు. మిలో వీనస్ వంటి లోకప్రసిద్ధ విగ్రహాలు మూరెడు, జానెడు కొలతల్లో తయారై పట్టికలకెక్కాయి. ఒకే దేవత, కొలతనుబట్టి ధర. ఇటలీ ఏకమయ్యాక నేపుల్స్ రాజుల మ్యూజియం జాతీయ మ్యూజియమైంది. అక్కడి శిల్పాలకు అచ్చులు తీసి నకళ్ళు పోసే పోతశాలలు నేపుల్స్‌లో వెలిశాయి. జెన్నారో కియురాజ్జి 1870లో పెట్టిన పోతశాల వాటిలో పేరుమోసింది. అది చాలాకాలం పనిచేసింది ఆ నగరపు పేదల ఆశ్రమ భవనంలో. జర్మనీనుంచి వచ్చి స్థిరపడిన ఫొటోగ్రాఫర్ జార్జియో సోమర్ ఫొటోలతోపాటు కంచు నకళ్ళూ అమ్మాడు. పాంపేయిలో 1830లో దొరికిన నాట్యమాడే ఫాన్, 1862లో దొరికిన ‘నార్సిసస్’, హెర్క్యులేనియంలో 1758లో దొరికిన కూర్చున్న మెర్క్యురీ – వీటికి గిరాకీ ఎక్కువ.

ఈ వ్యాపారంలో ఒక విచిత్రముంది. కొలిమినుంచి వచ్చిన కంచు బంగారంలా మెరుస్తుంది. ఆ మెరుపు కొనేవాడికి పనికిరాదు. కనుక ఆమ్లాలూ లవణాలూ పూసి, కాచి, చిలుము పట్టించేవారు. ఆ చిలుములోనూ రకాలున్నాయి. పచ్చగా ఉంటే ‘పాంపేయి’ రంగు, నల్లగా ఉంటే ‘హెర్క్యులేనియం’ రంగు. వెసూవియస్ బూడిద కింద పదిహేడు వందల యేళ్ళు చేసిన పనిని నేపుల్స్ కార్మికుడు కొద్దిరోజుల్లో చేసి పెట్టాలి. పాతదనం కూడా సరుకైపోయింది. ఆ విషపు పొగలు పీల్చినవాడి పేరు బొమ్మ మీద ఉండదు. పోతశాల యజమాని పేరుంటుంది.

కొన్నవారెవరు?

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు ప్రభువుల కొడుకులు చదువు ముగించి ఇటలీ యాత్ర చేసేవారు. వెళ్ళివచ్చినందుకు గుర్తుగా ఏదో ఒక ప్రాచీన శిల్పాన్నో, దాని నకలునో వెంట తెచ్చుకునేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్ళూ ఆవిరి ఓడలూ వచ్చాక మిల్లు యజమానులూ, బ్యాంకర్లూ, న్యాయవాదులూ ఆ దారి పట్టారు. చలిమంట గూటిమీద ఒక కంచు మెర్క్యురీని నిలబెడితే ఇంటాయన లాటిన్ చదివినవాడని వచ్చినవారు అనుకోవాలి. చేతిలోకి కొత్తగా డబ్బు వచ్చిన వర్గానికి పాత కులీనత కావాలి. నకలు ఆ కులీనతను వాయిదాల మీద అందించింది.

ఆ డబ్బులో మన నల్లరేగడి పాలు లేదనుకోవద్దు. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు దూది కరువైనప్పుడు వాళ్ళ చూపు ఇండియా పత్తిచేల మీద పడింది. గుంటూరు సీమ పత్తిరైతుకు ఆ నాలుగేళ్ళూ ధర పలికింది. యుద్ధం ముగియగానే ధర కూలింది, అప్పు మాత్రం నిలిచింది.

ఇక హైదరాబాదు సంగతి. 1853నుంచి 1883లో చనిపోయేవరకు నిజాం రాజ్యానికి దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీఖాన్, 1876లో ఐరోపా వెళ్ళాడు. రోములో మేలిముసుగు రెబెక్కాను కొన్నాడు. దాన్ని చెక్కిన బెంజోనీ అప్పటికి మూడేళ్ళ కిందటే చనిపోయాడు. మనం ఏకైక అద్భుతమని చెప్పుకునే ఆ విగ్రహానికి అమెరికా మ్యూజియాల్లో తోబుట్టువులున్నాయి. గిరాకీని బట్టి బెంజోనీ శిల్పశాల దాన్ని మళ్ళీ మళ్ళీ తయారుచేసింది. కంచులోనే కాదు, పాలరాతిలో కూడా నడిచింది నకళ్ళ వ్యాపారమే.

సాలార్‌జంగ్ ఇంగ్లండు యాత్రలో షికారు ఒక్కటే లేదు. సైన్యం ఖర్చు బాకీల పేరుతో 1853లో కంపెనీ నిజాంనుంచి లాక్కున్న బీరారును తిరిగి రాబట్టుకోవాలన్నది ఆయన జీవితకాలపు పట్టుదల. బీరారంటే పత్తినేల. ఇంగ్లండు ఆయనకు విందులిచ్చింది, బిరుదులిచ్చింది, బీరారు మాత్రం ఇవ్వలేదు. బీరారు రాలేదు, రెబెక్కా వచ్చింది. వలస పాలకుడికీ స్వదేశీ ప్రభువుకూ మధ్య లావాదేవీ ఎట్లాంటిదో చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అదే 1876లో దక్కనులో వానలు ముఖం చాటేశాయి. 1876–78 మహాకరువు బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలతోపాటు నిజాం రాజ్యపు నైరుతి జిల్లాలను కూడా కాల్చింది. సాలార్‌జంగ్ వంశానికి జాగీరుగా ఉన్న కొప్పళ, ఎల్బుర్గా తాలూకాలు ఆ మూలనే ఉన్నాయి. సాలార్‌జంగ్ దుర్మార్గుడని ఈ మాట చెప్పటంలేదు. వసూళ్ళ గుత్తేదార్లను తొలగించినవాడు, జిల్లాల పాలన ఏర్పరచినవాడు, ఆధునిక విద్యాలయం స్థాపించినవాడు. తన కాలపు ప్రభువుల్లో మెరుగైనవాడు. కాని వ్యక్తి మంచితనం వేరు, వ్యవస్థ లెక్క వేరు. దివాను కొన్న పాలరాతికైనా కంచుకైనా చివరకు ధర చెల్లించింది జొన్నచేను.

మ్యూజియంలోని సేకరణలో పెద్దభాగం ఆయన మనుమడు మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) చేసినది. 1912నుంచి 1914వరకు దివానుగా ఉండి తప్పుకున్నాక ముప్ఫై అయిదేళ్ళపాటు ఆయన చేసిన ప్రధానమైన పని వస్తువులు కొనడమే. దేశదేశాల వర్తకులు దివాన్ దేవిడీ గుమ్మంలో కాచుకుని ఉండేవారు. నలభైవేలకు మించిన కళావస్తువులు పోగయ్యాయి.

ఇక్కడ తేదీలు చూడండి. 1946లో తెలంగాణ రైతాంగ సాయుధపోరాటం రాజుకుంది. 1949 మార్చిలో మూడవ సాలార్‌జంగ్ వారసులు లేకుండా చనిపోయాడు. అదే ఏడు ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. 1951 అక్టోబరులో సాయుధపోరాట విరమణ ప్రకటన వెలువడింది. డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ సంస్థ అయింది, 1968లో ఇప్పటి భవనానికి మారింది. నవాబు దానంగా చెప్పుకుంటున్న దానికి వెనక ఈ వరుస ఉంది. జాగీర్లు కదలకపోతే దేవిడీ తలుపులు ఎంతవరకు తెరుచుకునేవో ఆలోచించుకోవాలి.

అటునుంచి ఇటు, ఇటునుంచి అటు

కంచు నకళ్ళు ఇటు వస్తున్న కాలంలోనే మన అసలు శిల్పాలు అటు పోతున్నాయి. పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్నం కడుతూంటే స్తూపం రాళ్ళు ఇళ్ళకూ గుళ్ళకూ ఇటుకల్లా వాడుకయ్యాయి. మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి పటాలు రాయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి రాళ్ళను మద్రాసు చేర్చాడు. 1859లో నూటికి పైగా శిల్పాలు లండనుకు ఓడెక్కాయి. అక్కడ కొంతకాలం ఆరుబయట వానకూ మంచుకూ పడివుండి, 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఎలియట్ తవ్వకానికి పన్నెండేళ్ళ ముందే, 1832–33 డొక్కల కరువులో గుంటూరు జిల్లా అయిదు లక్షల జనంలో రెండు లక్షలమంది చనిపోయారు. నేలమీద డొక్కలు తేలిన మనుషులు, నేలకింద పాలరాతి పద్మాలు. సర్కారు కచేరీలో రెండింటికీ దస్తరాలున్నాయి.

కంచు సంగతి ఇంకా దగ్గరిది. బాపట్ల సమీపంలోని బుద్దాం గ్రామంలో పంతొమ్మిదో శతాబ్దంలో బుద్ధుని కంచు విగ్రహాలు బయటపడ్డాయి. క్రీ.శ. ఆరు–ఎనిమిది శతాబ్దాల నాటివి. వాటిలో ఎక్కువ భాగం 1905 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అద్దంకి పిల్లవాడు బస్సెక్కి ఒక పూటలో చూసి రావలసినవి లండనులో ఉన్నాయి. వాడు హైదరాబాదు వెళ్ళి చూసేవి ఐరోపా పోతశాలల నకళ్ళు. వలస పాలన అంటే కేవలం పన్నుల వసూలు కాదు. దేని ముందు నిలబడి ఆశ్చర్యపోవాలో కూడా అది నిర్ణయించింది.

రోము బొమ్మ మన నేలకు రావడం మాత్రం పంతొమ్మిదో శతాబ్దపు సంగతే కాదు. కొల్హాపూరు బ్రహ్మపురి తవ్వకాల్లో శాతవాహనుల కాలపు పొరనుంచి సముద్రదేవుడు పొసైడన్ చిన్న కంచుబొమ్మ దొరికింది. అది కూడా ఒక గ్రీకు మూలానికి రోమన్ కాలపు నకలే. మన వినుకొండలో 1889లో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. కృష్ణాతీరపు సన్నని వస్త్రాలు ఆ కాలపు నావికుడి గ్రంథానికెక్కాయి. రోమన్ రచయిత ప్లినీ, ఇండియా ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు పీల్చుకుపోతున్నదని మొత్తుకున్నాడు. ఆ ప్లినీయే 79లో వెసూవియస్ పేలినప్పుడు ఆ తీరంలోనే చనిపోయాడు. 1938లో పాంపేయి బూడిద కిందనుంచి దంతపు బొమ్మ ఒకటి బయటపడింది. మెడనిండా హారాలతో, చేతులనిండా గాజులతో ఉన్న భారతీయ స్త్రీ! ఆమె ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలోనే ఉంది – ఏ మ్యూజియం శిల్పాలకు నకళ్ళు పోసి ప్రపంచానికి అమ్మారో అక్కడే.

ఈ రెండు రాకపోకలకూ తేడా గమనించాలి. శాతవాహనుల కాలంలో మన నేతగాడి గుడ్డకు బదులు రోము బంగారం వచ్చింది. అందులో నేతగాడికెంత దక్కిందన్నది వేరే ప్రశ్న, అదీ అడగవలసిందే. కాని ఆ వర్తకంలో ఒకడి చేతిలో తుపాకీ, రెండోవాడి మెడమీద కాడి లేవు. పంతొమ్మిదో శతాబ్దంలో ఉన్నాయి. వస్తువు ఒకటే, కంచుబొమ్మ. మారింది సంబంధం. చరిత్ర రాసేవాడు వస్తువును కొలిచి ఊరుకుంటే చాలదు, సంబంధాన్ని కొలవాలి.

బడిలో ప్లాస్టర్ దేవుళ్ళు

నకళ్ళు నవాబుల ఇళ్ళతో ఆగలేదు. మద్రాసులో 1850లో, బొంబాయిలో 1857లో మొదలైన కళాశాలల్లో గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ నకళ్ళు పాఠాలయ్యాయి. విద్యార్థి ముందు వాటిని చూసి నెలలతరబడి గీయాలి, ఆ తర్వాతే బతికిన మనిషి. కండ ఎట్లా ఉండాలో, ముక్కు ఎట్లా ఉండాలో ముందు సుద్దబొమ్మ నేర్పుతుంది. ఆ కొలతకు రాని నాగలిపట్టిన రైతు, మిరపకాయలు కోసే కూలిమనిషి ‘అందం కానివాళ్ళు’ అవుతారు. బొంబాయి కళాశాలలో చదివిన మన దామెర్ల రామారావు (1897–1925) ఆ శిక్షణలోనుంచే వచ్చాడు. కాని అంతకుముందే రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే ఆయనకు అజంతా చూపించాడు. రామారావు ఆ ప్లాస్టర్‌నుంచి గీత గట్టితనాన్ని తీసుకుని గోదావరి మనుషుల్ని గీశాడు. నకలును మెట్టుగా వాడుకుని దాటివెళ్ళడం సాధ్యమేనని ఆయన చూపించాడు.

దీనికి ఎదురుగా లేచిన జాతీయవాదుల వాదం ఒకటుంది. రోము బొమ్మలు పారేయండి, మన ప్రాచీన శిల్పమే శిల్పమని. అందులో ఆత్మగౌరవముంది, మెచ్చుకోవలసిందే. అయితే అదీ సగం నిజమే. మైనంతో బొమ్మచేసి, మట్టిపూసి, కాచి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి నేపుల్స్‌కు తెలుసు, మనకూ తెలుసు. చాళుక్యరాజు సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో మానసోల్లాసంలో దాన్ని వివరించాడు. గ్రంథం రాజు పేరున ఉంది. కొలిమి ముందు కళ్ళు మండించుకున్న కంచరి పేరు ఎక్కడ? మన అద్దంకి శాసనాన్నే తీసుకోండి. క్రీ.శ. 848 నాటి ఆ తరువోజ పద్యాన్ని తెలుగు పద్యానికి తొలి సాక్ష్యాల్లో ఒకటిగా గర్వంగా చెప్పుకుంటాం. అది కీర్తించేది పన్నెండు బోయకొట్టాలను గెలిచిన పండరంగ సేనానిని. ఓడిన బోయల పక్షాన శాసనం లేదు. గెలుపు మాత్రమే రాతికెక్కుతుందన్న సూత్రం రోముకూ అద్దంకికీ ఒకటే. కనుక మన ప్రశ్న ‘స్వదేశీయా, విదేశీయా’ అన్న దగ్గర ఆగకూడదు.

ఏం చేయాలి?

ఈ నకళ్ళను కరిగించమని ఎవరూ అనరు. వాటిలో మానవ శ్రమ ఉంది, నైపుణ్యముంది. గ్రీకు సమాజం గతించినా ఆ కళ ఎందుకు ఇంకా ఆనందాన్నిస్తున్నదని 1857లో మార్క్స్ తనను తాను ప్రశ్నించుకున్నాడు, దాన్ని తేలిక ప్రశ్నగా కొట్టిపారేయలేదు. మనమూ కొట్టిపారేయకూడదు. ఫాన్ కాలివేళ్ళమీద లేచి ఆడుతున్న తీరు చూసి పల్లెటూరి పిల్లవాడు ఆనందిస్తే ఆ ఆనందం వాడి హక్కు.

నకలు స్వభావంలో ఒక ప్రజాస్వామిక గుణం కూడా ఉంది. ఒక్కచోట బంధించివున్న రూపాన్ని అది వేలచోట్లకు చేరుస్తుంది. పెట్టుబడి ఆ గుణాన్ని ధనికుల గదులకే పరిమితం చేసింది. 1974లో ఒక అమెరికా చమురు కోటీశ్వరుడు హెర్క్యులేనియం భవంతికి నమూనాగా కాలిఫోర్నియాలో ఒక భవనమే కట్టించి, దాని తోటలో నేపుల్స్ కంచు నకళ్ళను నిలబెట్టాడు. డబ్బుంటే పట్నానికి పట్నాన్నే నకలు తీయవచ్చు. మరి అదే విద్య మనకెందుకు పనికిరాకూడదు? అమరావతి మ్యూజియంలో మహాచైత్యం నమూనా కట్టారు, మంచిపని. బుద్దాం బుద్ధుని నకలు బాపట్ల బడిలో, అమరావతి పలకల అచ్చులు పల్నాటి బడుల్లో, పండరంగని శాసనపు అచ్చు అద్దంకి బడిలో ఎందుకుండకూడదు? అసలు వెనక్కి ఇవ్వమని అడుగుదాం. అడుగుతూనే నకలును పిల్లల చేతికందిద్దాం.

రెండో పని మ్యూజియం పలక మీద జరగాలి. ప్రతి బొమ్మకింద అయిదు ముక్కలు ఉండాలి. మూలం ఎక్కడిది? నకలు ఏ పోతశాలలో, ఏ పద్ధతిలో పోశారు? ఎవరు కొన్నారు? ఎంతకు కొన్నారు? ఆ సొమ్ము ఏ తాలూకా శిస్తు? ఈ అయిదూ ఉంటే ఆ గది అద్దాల బీరువాల గది కాకుండా చరిత్ర పాఠమవుతుంది. మ్యూజియం ప్రజల సొత్తని 1961 చట్టం చెప్పింది. సొత్తుతోపాటు దాని చిట్టా కూడా ప్రజలకు అప్పగించాలి.

మూడో పని రచయితలది. నవాబుగారి అభిరుచినీ, వస్తువుల అందాన్నీ పొగిడే వ్యాసాలు మనకు కొల్లలు. ఆ వస్తువుల వెనక ఉన్న పొలాన్నీ కొలిమినీ చూపే వ్యాసాలు తక్కువ. ఈసారి అద్దంకి పిల్లలు ఆ గదిలోకి వెళ్ళినప్పుడు పంతులుగారు ‘నడవండి’ అనకుండా ఒక్క నిమిషం ఆగాలి. పచ్చగా చిలుము పట్టిన ఆ కంచును చూపించి, ‘ఈ చిలుము కాలం పట్టించింది కాదురా, కూలివాడు పట్టించింది’ అని చెప్పగలగాలి. ఆ ఒక్క మాట అర్థమైన పిల్లవాడు తర్వాత ఏ కోటనైనా, ఏ గుడినైనా, ఏ శాసనాన్నైనా తనంతట తానే చదువుకోగలడు.